థ్యాంక్స్‌గివింగ్: ఉపవాసానికి జంటగా పుట్టిన పండుగ

అమెరికాలో ఏటా నవంబరు నెల నాలుగో గురువారం జరిగే థ్యాంక్స్‌గివింగ్ ఇప్పుడు చాలామందికి టర్కీ కోడి విందు, కుటుంబాల కలయిక, ఫుట్‌బాల్ ఆట, మర్నాటి బజారు బేరాలు. అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ పాటించనివాళ్లూ ఆ పండుగ చేసుకుంటారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా అది బంధుమిత్రులు ఒక ఇంట చేరే సెలవు. అయితే దాని పుట్టుక మాత్రం మతంలోనే ఉంది. ప్యూరిటన్లు అనే ఇంగ్లండు క్రైస్తవ సంస్కరణవాదులు క్యాలెండరు పండుగలన్నిటినీ కాదని రెండే రెండు రకాల ప్రత్యేక దినాలు ఉంచుకున్నారు. ఒకటి ఉపవాస దినం, రెండోది కృతజ్ఞతా దినం. ఆ రెండోదే ఇవాళ్టి థ్యాంక్స్‌గివింగ్. మొదటిదాన్ని పక్కన పెట్టి రెండోదాని చరిత్ర చెబితే అది సగం కథే అవుతుంది.

దేవుడికి కృతజ్ఞత చెప్పడం బైబిలు పాత నిబంధనలో మనసులో అనుకుని ఊరుకునే విషయం కాదు, నలుగురి ముందు జరగాల్సిన పని. లేవీయకాండము 7వ అధ్యాయం కృతజ్ఞతార్పణకు కచ్చితమైన నియమాలు పెట్టింది. బలితో పాటు రొట్టెలు అర్పించాలి, ఆ మాంసాన్ని మర్నాటి ఉదయానికి మిగల్చకుండా ఆ రోజే తినాలి. ఒక్క ఇంటివాళ్లు ఒక్క రోజులో తినగలిగేది కాదు కాబట్టి పదిమందిని పిలవక తప్పదు. కీర్తనల గ్రంథంలో 107వ కీర్తన నాలుగు రకాల మనుషుల గురించి చెబుతుంది: ఎడారిలో దారి తప్పినవాళ్లు, చెరలో పడ్డవాళ్లు, జబ్బుతో చావు అంచు దాకా వెళ్లినవాళ్లు, సముద్రంలో తుఫానుకు చిక్కినవాళ్లు. ఆ గండాలు గడిచి బతికినవాళ్లు సభలో నిలబడి దేవుణ్ణి స్తుతించాలి. యూదు పండితులు ఈ కీర్తనను ఆధారం చేసుకునే అలాంటివాళ్లు తప్పనిసరిగా చెప్పాల్సిన ప్రార్థనను ఏర్పరిచారు. పంట ఇంటికొచ్చాక ఏడు రోజులు జరిగే పర్ణశాలల పండుగ కూడా పాత నిబంధనలోనిదే. థ్యాంక్స్‌గివింగ్ ఆ పండుగను చూసి పుట్టిందని కొందరు అంటారు గానీ అది అంతగా నిలిచే వాదన కాదు. పర్ణశాలల పండుగకు క్యాలెండరులో ఖాయమైన తేదీ ఉంది. ప్యూరిటన్లకు గిట్టనిదే అది.

ఎందుకు గిట్టదో తెలియాలంటే 16వ శతాబ్దపు ఇంగ్లండును చూడాలి. అప్పట్లో ఆదివారాలు కాక చర్చి పండుగలే ఏడాదికి 90కి పైగా ఉండేవి. ఆ రోజుల్లో పని మానుకుని ఆరాధనకు వెళ్లాలి. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1536లో, ఆ సంఖ్యను 27కు కుదించారు. ప్యూరిటన్లకు అదీ చాలలేదు. బైబిలు ఆజ్ఞాపించని పండుగను మనుషులు కల్పించకూడదన్నది వాళ్ల పట్టు. క్రిస్మస్, ఈస్టరు కూడా వాళ్ల లెక్కలో మనుషులు కల్పించినవే. తర్వాతి రోజుల్లో అమెరికాలో వాళ్ల చేతిలో ఉన్న మసాచుసెట్స్ వలసలో క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా వేసే చట్టం 1659లో వచ్చి 1681 దాకా ఉంది.

పండుగలన్నీ తీసేశాక వాళ్లకు మిగిలింది ఆదివారం ఒక్కటే. దానికి తోడుగా నిలిచినవే ఆ రెండు దినాలు. లోకంలో ఏదీ కారణం లేకుండా జరగదు, ప్రతి సంఘటన వెనుకా దైవ సంకల్పం ఉంటుంది అన్నది ప్యూరిటన్ల గట్టి నమ్మకం. కరువు, వరద, మహమ్మారి, యుద్ధం వస్తే దేవుడు ఆగ్రహించాడని అర్థం. అప్పుడు ఊరంతా పనులు మాని, పస్తుండి, తప్పులు ఒప్పుకుని ప్రార్థించాలి. ఆ కష్టం తొలగిపోతే దేవుడు కరుణించాడని అర్థం. అప్పుడు మళ్లీ ఊరంతా కూడి కృతజ్ఞత చెల్లించాలి. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించే తెలుగు ఊళ్లకు ఈ ఆలోచన పరాయిది కాదు. కాకపోతే ప్యూరిటన్లు ముందు అడిగేది వాన కాదు, క్షమాపణ.

కాబట్టి కృతజ్ఞతా దినానికి తేదీ ఉండదు. అది ఏడాదికి మూడుసార్లు రావచ్చు, మూడేళ్లు రాకపోనూ వచ్చు. ఏటా ఒకే రోజున జరిపితే అది అలవాటుగా మారిపోతుందని, దేవుడి మేలు ఎలాగూ వచ్చేదేనన్న ధీమా జనంలో పెరుగుతుందని వాళ్ల భయం. ఇంగ్లండు ప్రభుత్వానికి, ఆంగ్లికన్ చర్చికి ఈ పట్టింపు లేదు. 1588లో స్పెయిన్ నౌకాదళం ఓడిపోయినప్పుడు దేశమంతటా కృతజ్ఞతా ప్రార్థనలు జరిగాయి. 1605లో పార్లమెంటును మందుగుండుతో పేల్చే కుట్ర బయటపడ్డాక నవంబరు 5ను ఏటా కృతజ్ఞతా దినంగా పాటించాలని చట్టమే చేశారు. అది 1859 దాకా రద్దు కాలేదు.

ప్యూరిటన్లలో మరీ తీవ్రమైన ఒక వర్గం ఇంగ్లండు చర్చితో పూర్తిగా తెగతెంపులు చేసుకుంది. స్క్రూబీ అనే ఊరి చుట్టుపక్కల ఉండే ఆ వేర్పాటువాదులు వేధింపులు తట్టుకోలేక 1608లో హాలండు చేరి, మరుసటి ఏడాది లైడెన్ నగరంలో స్థిరపడ్డారు. 1574లో స్పెయిన్ ముట్టడి నుంచి విడుదలైన ఆ నగరం ఏటా అక్టోబరు 3న దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటుంది. హెరింగు చేప, తెల్ల రొట్టె ఆ రోజు ప్రత్యేకం. ఈ ఇంగ్లీషువాళ్లు పదేళ్లకు పైగా ఆ వేడుక చూస్తూ బతికారు. చివరికి వాళ్లలో కొందరు అమెరికా వెళ్లాలని నిర్ణయించుకున్నారు. 1620 వేసవిలో బయల్దేరే ముందు వాళ్ల పాస్టరు జాన్ రాబిన్‌సన్ ఎజ్రా గ్రంథం 8వ అధ్యాయం 21వ వచనం మీద ప్రసంగించి ఉపవాస దినం జరిపించాడు. ఎజ్రా తన ప్రయాణానికి ముందు ఒక నది ఒడ్డున ఉపవాసం ప్రకటించిన సందర్భం అది. అమెరికా ప్రజలు తమ కృతజ్ఞతా పండుగకు మూలపురుషులుగా చెప్పుకునే పిల్‌గ్రిమ్‌ల యాత్ర ఆ విధంగా ఉపవాసంతోనే మొదలైంది.

మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు ఉన్నారు. 1620 నవంబరులో తీరం కనబడింది, డిసెంబరులో ప్లిమత్ దగ్గర దిగారు. వసంతం వచ్చేసరికి వాళ్లలో దాదాపు సగం మంది చలికి, జబ్బులకు చనిపోయారు. వాళ్లు ఊరు కట్టుకున్న చోటు అంతకుముందు వాంపనోగ్ అనే స్థానిక జాతివాళ్ల పటుక్సెట్ గ్రామం. 1616 నుంచి 1619 మధ్య యూరప్ ఓడలతో వచ్చిన రోగం ఆ గ్రామాన్ని తుడిచిపెట్టింది. ఆ ఊరివాడైన టిస్క్వాంటమ్‌ను ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ 1614లో ఎత్తుకెళ్లి స్పెయిన్‌లో బానిసగా అమ్మజూపాడు. అతను ఎలాగో ఇంగ్లండు చేరి, 1619లో ఇంటికి వచ్చేసరికి తనవాళ్లెవరూ మిగల్లేదు. మొక్కజొన్న గింజతో పాటు చేపను ఎరువుగా పాతిపెట్టడం కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పింది అతనే. వాంపనోగ్ నాయకుడు మాససోయిట్ 1621 మార్చిలో వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు.

ఆ ఏడాది శరత్కాలంలో జరిగిన విందునే బడి పుస్తకాలు మొదటి థ్యాంక్స్‌గివింగ్ అంటాయి. దాని గురించి అక్కడ ఉండి రాసిన ముఖ్యమైన సాక్ష్యం ఎడ్వర్డ్ విన్‌స్లో 1621 డిసెంబరులో రాసిన ఉత్తరంలోని ఒక చిన్న భాగం. పంట చేతికొచ్చాక నలుగురిని పక్షుల వేటకు పంపారు. తుపాకుల విన్యాసాలు జరిగాయి. మాససోయిట్ 90 మంది మనుషులతో వచ్చాడు, మూడు రోజులు విందు నడిచింది, వాంపనోగులు ఐదు జింకలను వేటాడి తెచ్చారు. ఇంతే. కృతజ్ఞతా దినం ప్రకటించినట్టు గానీ, ఆరాధన జరిపినట్టు గానీ విన్‌స్లో రాయలేదు. మూడు రోజుల ఆటపాటలు ప్యూరిటన్ కృతజ్ఞతా దినానికి సరిపడవు కూడా. ఇంగ్లండు పల్లెల్లో కోతలయ్యాక జరిగే సంబరం లాంటిదే ఇదీ అనడం సబబు. తినే ముందు వాళ్లు ప్రార్థించే ఉంటారు. అది వాళ్లు రోజూ చేసే పని.

అసలైన మతపరమైన కృతజ్ఞతా దినం ప్లిమత్‌లో 1623లో వచ్చింది. ఆ ఏడాది మే మూడో వారం నుంచి జులై నడిమి దాకా చుక్క వాన లేదు. మొక్కజొన్న ఎండిపోయింది. సరుకుతో రావలసిన ఓడ జాడ తెలియలేదు. అప్పుడు అధికారులు ఉపవాస దినం ప్రకటించారు. పొద్దున మేఘం కూడా లేని ఆకాశం కింద మొదలైన ప్రార్థన దాదాపు తొమ్మిది గంటలు సాగిందని విన్‌స్లో రాశాడు. సాయంత్రానికి మబ్బులు కమ్మాయి. ఆ తర్వాత రెండు వారాల పాటు పంటకు దెబ్బ తగలకుండా మెత్తటి వానలు పడ్డాయి. వాళ్లతో కలిసి ఉండే హొబ్బమాక్ అనే వాంపనోగ్ యోధుడు దీన్ని చూసి ఆశ్చర్యపోయాడని కూడా అతను రాశాడు. పంట నిలబడింది, ఓడ కబురూ అందింది. అప్పుడు ఊరంతా కూడి కృతజ్ఞతా దినం జరుపుకున్నారు. ముందు ఉపవాసం, తర్వాత కృతజ్ఞత: ప్యూరిటన్ల పద్ధతి ఇంత స్పష్టంగా కనిపించే సంఘటన వాళ్ల తొలి రోజుల చరిత్రలో ఇంకొకటి లేదు. అయినా బొమ్మల్లో, నాటికల్లో కనిపించేది 1621 విందే. విందును గీయడం సులువు. తొమ్మిది గంటల ప్రార్థనను గీయడం కష్టం.

అమెరికా గడ్డ మీద కృతజ్ఞతా ప్రార్థన చేసిన మొదటి యూరపువాళ్లు వీళ్లు కారు. 1565 సెప్టెంబరు 8న ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో దిగిన స్పెయిన్‌వాళ్లు కాథలిక్ పూజ జరిపి స్థానిక టిముకువా ప్రజలతో కలిసి తిన్నారు. 1619 డిసెంబరులో వర్జీనియాలోని బర్క్‌లీ వలసకు వచ్చినవాళ్లకు తాము దిగిన రోజును ఏటా కృతజ్ఞతా దినంగా పాటించాలని రాతపూర్వక ఆదేశమే ఉంది. ఆ వలస 1622లో స్థానిక జాతివాళ్ల దాడిలో దెబ్బతిని ఆచారం ఆగిపోయింది. స్థానిక జాతులకు అంతకుముందు నుంచే తమ సొంత కృతజ్ఞతా వేడుకలు ఉన్నాయి. వాంపనోగులు ఏడాది పొడవునా పంటల్ని, కాలాల్ని బట్టి వాటిని జరుపుకుంటారు. ఇన్నిటిలో నిలిచి జాతీయ పండుగగా ఎదిగింది మాత్రం ప్లిమత్, మసాచుసెట్స్ లాంటి వలసలున్న న్యూ ఇంగ్లండు ప్రాంతపు ప్యూరిటన్ల ఆచారమే.

న్యూ ఇంగ్లండులో ఆ ఆచారం ఒక పద్ధతిలో పడింది. గవర్నరు ప్రకటన వెలువడుతుంది, పాస్టర్లు దాన్ని ఆరాధనలో చదివి వినిపిస్తారు. ఆ రోజు కూలి పని లేదు, ఆటలూ లేవు. సంఘమంతా ప్రార్థనా మందిరానికి రావాలి. పొడవైన ప్రసంగం, కీర్తనలు, పేదలకు కానుకలు, ఆ తర్వాత ఇంట్లో భోజనం. ఆదివారాన్ని వేరే దేనితోనూ కలపకూడదు కాబట్టి వారం మధ్యలో రోజు కావాలి. బోస్టన్‌లో గురువారాలు వారమధ్య ప్రసంగాలు జరిగేవి. ఈ దినాలూ ఎక్కువగా గురువారాలకే అలవాటుపడ్డాయి. ఇవాళ్టి గురువారం అక్కడి నుంచి వచ్చిందే. 17వ శతాబ్దం గడుస్తున్నకొద్దీ, కనెక్టికట్ ముందు నడవగా, ఏటా శరత్కాలంలో ఒక కృతజ్ఞతా దినం, వసంతంలో ఒక ఉపవాస దినం ఖాయమయ్యాయి. విత్తే వేళ ఉపవాసం, కోసిన తర్వాత కృతజ్ఞత. క్యాలెండరు పండుగలను తరిమేసినవాళ్ల పిల్లలు, మనవలు తమకు తెలియకుండానే మళ్లీ క్యాలెండరు పండుగ తెచ్చుకున్నారు. కృతజ్ఞతా దినాన జరిగే రెండు ఆరాధనలు ఒకటికి తగ్గి, క్రిస్మస్ లేని ఆ ఊళ్లలో ఇంటి విందు పెద్దదవుతూ వచ్చింది.

ఈ చరిత్రలో దాచకూడని మరకలు ఉన్నాయి. అన్నీ దైవ సంకల్పమే అయినప్పుడు యుద్ధంలో గెలుపు కూడా కృతజ్ఞత చెప్పాల్సిన మేలే అవుతుంది. 1637లో పీకాట్ జాతి మీద జరిగిన యుద్ధంలో మిస్టిక్ గ్రామాన్ని ఆడవాళ్లు, పిల్లలతో సహా తగలబెట్టారు. ఆ యుద్ధం ముగిశాక మసాచుసెట్స్‌లో కృతజ్ఞతా దినం జరిగింది. 1621 విందుకు వచ్చిన మాససోయిట్ కొడుకు మెటాకామ్ 1675లో వలసవాసుల మీద తిరగబడ్డాడు. 1676 ఆగస్టులో అతన్ని చంపి తల నరికారు. ప్లిమత్ వలస కృతజ్ఞతా దినం జరుపుకుంటున్న రోజునే ఆ తల ఊళ్లోకి చేరింది. దాన్ని కోట మీద బల్లేనికి గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు. ఈ పండుగ అంటే ఎందుకంత బాధ అని వాంపనోగులను అడిగేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

స్వాతంత్ర్య పోరాటం ప్రాంతీయ ఆచారాన్ని దేశమంతటికీ తెచ్చింది. సారటోగా యుద్ధంలో గెలిచాక 1777 డిసెంబరు 18ని పదమూడు రాష్ట్రాల్లోనూ కృతజ్ఞతా దినంగా కాంటినెంటల్ కాంగ్రెస్ ప్రకటించింది. 1789లో కొత్త రాజ్యాంగం కింద మొదటి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్ నవంబరు 26, గురువారాన్ని ప్రకటించాడు. జాతి చేసిన తప్పులను క్షమించమని దేవుణ్ణి వేడుకోవాలని కూడా ఆ ప్రకటనలో ఉంది. పాత ఉపవాస దినపు ఛాయ అది. ఈ ప్రకటన కోరే తీర్మానం ప్రతినిధుల సభకు వచ్చినప్పుడే అభ్యంతరం లేచింది. ఇది మతానికి సంబంధించిన వ్యవహారం, కాంగ్రెస్ తల దూర్చకూడదు అని దక్షిణ కరొలైనా సభ్యుడు థామస్ టక్కర్ వాదించాడు.

తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్‌సన్ ఆ మాటనే పాటించాడు. ఎనిమిదేళ్ల పాలనలో ఒక్క ఉపవాస దినం గానీ, కృతజ్ఞతా దినం గానీ ప్రకటించలేదు. ప్రార్థించమని జనానికి చెప్పే అధికారాన్ని రాజ్యాంగం అధ్యక్షుడికి ఇవ్వలేదని 1808లో ఒక పాస్టరుకు రాసిన ఉత్తరంలో వివరించాడు. జేమ్స్ మాడిసన్ యుద్ధకాలంలో కొన్ని ప్రకటనలు చేసి, తర్వాత అది సరి కాదని రాసుకున్నాడు. 1815 తర్వాత లింకన్ దాకా ఏ అధ్యక్షుడూ కృతజ్ఞతా దినం ప్రకటించలేదు, రాష్ట్రాల గవర్నర్లే ఆ పని చేస్తూ వచ్చారు. జెఫర్‌సన్, మాడిసన్‌లకు దేవుడి మీద గౌరవం లేదని దీన్ని అర్థం చేసుకోకూడదు. ప్రార్థన ప్రభుత్వ ఉత్తర్వు కాకూడదన్న వాళ్ల నియమం ఎవరికైనా మేలు చేసేదే.

కృతజ్ఞతా దినాన్ని మళ్లీ జాతీయ పండుగ చేయాలని పట్టుబట్టింది సారా జోసెఫా హేల్. న్యూ హాంప్‌షైర్‌లో పుట్టిన ఆమె తన 1827 నాటి నవలలో థ్యాంక్స్‌గివింగ్ విందుకు ఒక అధ్యాయమే కేటాయించింది. గోడీస్ లేడీస్ బుక్ అనే మహిళా పత్రిక సంపాదకురాలిగా 1840ల నుంచి ఏటేటా సంపాదకీయాలు, గవర్నర్లకూ అధ్యక్షులకూ ఉత్తరాలు రాస్తూ పోయింది. బానిసత్వం మీద చీలిపోతున్న దేశాన్ని ఒక పండుగ కలిపి ఉంచగలదని ఆమె ఆశ. ఆ చీలిక అంతర్యుద్ధమయ్యాక, 1863 సెప్టెంబరు 28న అబ్రహాం లింకన్‌కు రాసింది. అక్టోబరు 3న ప్రకటన వెలువడింది. నవంబరు చివరి గురువారం కృతజ్ఞతా దినమైంది.

ఆ ఏడాది లింకన్ చేసిన ప్రకటనలను వరసగా చూస్తే ప్యూరిటన్ల పాత జంట మళ్లీ కనిపిస్తుంది. ఏప్రిల్ 30న జాతీయ ఉపవాస దినం. గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్ విజయాల తర్వాత ఆగస్టు 6న ఒక కృతజ్ఞతా దినం. నవంబరు 26న రెండోది. ఆ చివరి ప్రకటన కూడా పంటలకు, గనులకు కృతజ్ఞత చెప్పడంతో ఆగదు. జాతి వక్రబుద్ధికి పశ్చాత్తాపపడాలని, వితంతువులను, అనాథలను తలచుకోవాలని కోరుతుంది. అప్పటి నుంచి ఏటా అధ్యక్షులు ప్రకటిస్తూ వచ్చారు. వ్యాపారాల కోసం 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తేదీ ముందుకు జరిపితే గొడవైంది. 1941 డిసెంబరులో చట్టం నాలుగో గురువారాన్ని ఖాయం చేసింది.

లింకన్ ప్రకటనలో పిల్‌గ్రిమ్‌ల ఊసే లేదు. 1621 విందుకు, ఈ పండుగకు ముడిపెట్టింది బోస్టన్ పాస్టరు అలెగ్జాండర్ యంగ్. 1841లో విన్‌స్లో ఉత్తరాన్ని అచ్చు వేస్తూ, ఇదే మొదటి థ్యాంక్స్‌గివింగ్ అని పేజీ అడుగున ఒక వివరణ చేర్చాడు. 19వ శతాబ్దం చివర్లో వలసదారులు వెల్లువలా వస్తున్న కాలంలో బడులు ఆ కథను అందుకున్నాయి. ఏ మతం పిల్లలకైనా చెప్పగలిగిన కథ అది. ఉపవాసం, పాపం, క్షమాపణ వెనక్కి పోయి స్నేహం, విందు ముందుకొచ్చాయి.

తెలుగునాట చర్చిల్లో జరిగే కోత పండుగ థ్యాంక్స్‌గివింగ్‌కు బంధువే గానీ వేరే కొమ్మ. ఇంగ్లండులోని మోర్వెన్‌స్టో అనే ఊళ్లో రాబర్ట్ హాకర్ అనే పాస్టరు 1843లో మొదలుపెట్టిన పంట ఆరాధన ఆంగ్లికన్, ఇతర ప్రొటెస్టెంట్ చర్చిలకు పాకింది. ఆంధ్ర, తెలంగాణ సంఘాల్లో విశ్వాసులు ప్రథమ ఫలాలుగా ధాన్యం, కూరగాయలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పిస్తారు. ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. అంతకంటే లోతైన పోలిక ఇళ్లలో కనిపిస్తుంది. కష్టం వచ్చినప్పుడు ఉపవాస ప్రార్థన, జబ్బు నయమైనా ఉద్యోగం వచ్చినా కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం తెలుగు క్రైస్తవ కుటుంబాలకు మామూలే. తేదీ లేని ఆ పాత కృతజ్ఞతా దినం అసలు రూపానికి అమెరికా సెలవు కంటే ఇదే దగ్గర.

అమెరికాలో వసంతకాలపు ఉపవాస దినం మెల్లగా వట్టి సెలవుగా మిగిలింది. మసాచుసెట్స్ 1894లో దాన్ని రద్దు చేసి ఆ చోట దేశభక్తుల దినం పెట్టింది. న్యూ హాంప్‌షైర్ 1991 దాకా పేరుకు ఉంచి తీసేసింది. ఆలోపు నవంబరు గురువారానికే ఇంకో ఉపవాసం వచ్చి చేరింది. 1970లో పిల్‌గ్రిమ్‌ల రాకకు 350 ఏళ్లు నిండిన సందర్భంగా ప్రసంగించమని వాంపనోగ్ నాయకుడు వామ్‌సుటా ఫ్రాంక్ జేమ్స్‌ను పిలిచారు. ఆయన రాసుకొచ్చిన ప్రసంగంలోని నిజాలు నిర్వాహకులకు నచ్చక అడ్డుచెప్పారు. ఆయన థ్యాంక్స్‌గివింగ్ రోజున ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద, మాససోయిట్ విగ్రహం దగ్గర సభ పెట్టాడు. అప్పటి నుంచి స్థానిక జాతులవాళ్లు ఏటా అదే చోట జాతీయ సంతాప దినం పాటిస్తున్నారు. పాల్గొనేవాళ్లలో చాలామంది ముందురోజు సూర్యాస్తమయం నుంచి ఉపవాసం ఉండి, సభ ముగిశాకే కలిసి భోంచేస్తారు.